కోను వెనక గాలి

గోదావరిఖనిలో ముప్పైరెండేళ్లు బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయిన అంద్రెయకు చెవులే కొలబద్దలు. టింబర్‌మన్‌గా ఉన్నప్పుడు గని పైకప్పును గడ్డపారతో తట్టేవాడు. ఖంగుమంటే గట్టిది, బొద్దుమంటే డొల్ల. డొల్ల దొరికితే కింద దుంగ నిలబెట్టి, సందుల్లో చెక్కలు దూర్చాల్సిందే.

రిటైరయ్యాక ఒక పాత స్పీకరుకు టేకు చెక్కతో బూర చేసి చర్చికిచ్చాడు. విప్పి చూసి నేర్చిన విద్యే తప్ప ఎవరూ చెప్పింది కాదు. స్పీకరులో ఊగే కాగితపు కోను వెనక డబ్బా ఖాళీగా కనబడితే మనసొప్పక చెక్కముక్కలతో నింపేశాడు.

పోయిన ఆదివారం ఆయన భార్య లిడియా ఆ బూర పెట్టాక మొదటిసారి బైబిల్ వాక్యం చదివితే, ఉన్నట్టుండి ఒక్కో మాట బూరలో గుమ్మని పొంగింది. వెనక వరసలో నవ్వులు. ఇరవై ఏళ్లుగా చదువుతున్న మనిషి ఇంటికొచ్చి, "ఇగ నేను చదవనని పాస్టరయ్యకు చెప్పొచ్చిన" అంది.

"తప్పు నీ గొంతుది కాదే, నా డబ్బాది."

"అయితే శనారం లోపట మంచిగ జెయ్యి. లేకుంటె నన్నడగకు."

అంద్రెయ బూర, డబ్బా, మైకు అంతా ఇంటికి తెచ్చాడు. కోనుకు అరచేయి ఆనించి, మైకులో సన్నగా రాగం తీస్తూ కింది స్థాయి నుంచి పై స్థాయికి గొంతు పెంచుకుంటూ పోయాడు. పక్కింటి కిషన్ గోడ మీంచి తొంగిచూశాడు.

"ఏంది కాకా, డబ్బల బర్రెను గట్టేసినవా?"

"కట్టేసిన. జత కావాల్నట, నువ్వు రారా!"

ఒక స్థాయి దగ్గర కోను అరచేతిని గట్టిగా తన్నింది. సరిగ్గా లిడియా చదివే స్థాయి. ఒక చెక్క తీసి మళ్లీ పాడాడు. తన్ను కొంచెం కింది స్థాయికి జారింది! ఇంకోటి తీస్తే ఇంకా కిందికి. అంద్రెయ చేతిలో చెక్కతో అలాగే కూర్చుండిపోయాడు. సందులేక బిగుసుకున్న గాలి స్ప్రింగులా కోనును తోస్తోందన్నమాట.

"ఖాళీ ఉండాల్నటనే లిడియా! బాయి అలవాటు ముంచింది నన్ను."

చెక్కలన్నీ తీసేస్తే ఆ తన్ను లిడియా గొంతుకు అందనంత కిందికి పోయింది. మిగిలిన కాస్త గుంయ్‌మనే మోత అణగడానికి దూది వదులుగా పరిచాడు.

"నా తలకింది మెత్తల దూదేనా అది?"

"గుప్పెడేనే. జర చదువు."

లిడియా చదివింది. మొన్న పొంగిన మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, గట్టిగానే పలికింది. ఆ మాట తక్కినవాటిలాగే సాదాగా వచ్చింది. పేజీ తిప్పి మరోటి చదివింది, ఇంకోటి కూడా.

"ఫోనిటియ్యి" అంది. "పాస్టరయ్య ఇంకెవలికన్న ఒప్పజెప్పక ముందే నేనే చదువుతనని జెప్పాలె."