మా కంప్యూటర్ సారు రాసిన రెండు మాక్రోలు

మా కంప్యూటర్ సారు సోమవారం ఉదయం ఆరుంపావుకు ప్రొద్దుటూరులో తన ఇంట్లో చనిపోయారు. గుండెజబ్బు. మంగళవారం మధ్యాహ్నం జమ్మలమడుగులో, బడిపంతులుగా పనిచేసి పోయిన వాళ్ళ నాన్న సమాధి పక్కనే ఆయన్నూ ఖననం చేశారు. పులివెందుల, వేంపల్లె నుంచి పాత విద్యార్థులు బస్సుల్లో వచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది ఆయన దగ్గర ‘సి’ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నవాళ్ళు. నేనూ నేర్చుకున్నాను. అప్పటికే విలేకరిగా చేరాను. ఉదయం క్లాసు, ఆ తర్వాత వార్తలు.

బట్టల అంగడి మీద రెండు గదులు, ఆరు కంప్యూటర్లు. అదే సారు ఇన్‌స్టిట్యూట్. పార్టీల గొడవలు ముదిరిన ఏళ్ళవి. షట్టర్లు ఎప్పుడు పడతాయో, బస్సులు ఎప్పుడు ఆగుతాయో తెలిసేది కాదు. ఒకరోజు వీధి చివర నాటుబాంబు పేలింది. క్లాసంతా ఒక్కసారిగా మెట్ల మీదికి పరుగెత్తింది. చెప్పుల కోసం వంగినవాళ్ళ మీద వెనకవాళ్ళు పడ్డారు. ఒకమ్మాయికి చెయ్యి విరిగింది. మర్నాటి నుంచి సారు ఒక నియమం పెట్టారు. ఎవరైనా సరే, చెప్పులు వీధి వైపు తిప్పి విడవాలి. మరిచిపోయినవాళ్ళవి తానే వంగి తిప్పేవారు.

“లోపలికొచ్చేటప్పుడే బయటికి పోయేదానికి ఏర్పాటు చేసుకోవాలప్పా. పోయేటప్పుడు ఎవురికీ బుద్ధి పనిచెయ్యదు,” అనేవారు.

ఆ మాట ప్రోగ్రాములకు కూడా పనికొస్తుందని ఓ ఎన్నికల ఏడాది తెలిసింది.

ఓట్ల లెక్కింపు రోజున మా పత్రిక ఆఫీసు ముందు నల్లబోర్డు పెట్టి రౌండ్లవారీగా అంకెలు రాసేవాళ్ళం. చూసేందుకు రెండు పార్టీలవాళ్ళూ వచ్చి, రోడ్డుకు చెరోవైపు నిలబడేవాళ్ళు. బోర్డు మీద ఒక్క అంకె తప్పు పడితే ఏమవుతుందో ఊళ్ళో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఫోన్లలో వచ్చే అంకెల్లో సగం అబద్ధాలు. అందుకని, వచ్చిన ప్రతి అంకెనూ పాత రౌండ్లతో, బూత్‌ల జాబితాతో సరిపోల్చి, పొసగనిదాన్ని తిప్పికొట్టే ప్రోగ్రాం ఒకటి సి భాషలో రాశాను. సారు దగ్గర ప్రయత్నించి చూశాం. కాసేపటికి కంప్యూటరు నత్తనడక పట్టింది. తర్వాత బిగుసుకుపోయింది.

సారు నా ప్రోగ్రాం పైనుంచి కిందికి చదివారు.

“దీంట్లోకి ఎన్ని దారుల్లో వస్తాండావు?”

“ఒకటే సార్.”

“ఎన్ని దారుల్లో పోతాండావు?”

లెక్కపెట్టాను. ఏడు. అంకె పొసగకపోతే ఒక దారి, బూత్ నంబరు లేకపోతే ఒక దారి, ఇలా ఆరు చోట్ల ప్రోగ్రాం మధ్యలోనే బయటికి వెళ్ళిపోతోంది. ఏడోది పని పూర్తయ్యాక పోయే చివరి దారి. సి భాషలో పనికోసం తీసుకున్న మెమరీని మనమే తిరిగి ఇవ్వాలి. నేను చివరి దారిలో మాత్రమే ఇచ్చాను. మిగతా ఆరు దారుల్లో పోయిన ప్రతిసారీ కొంత మెమరీ తిరిగి రాలేదు. అబద్ధపు అంకె వచ్చినప్పుడల్లా కంప్యూటరుకు ఊపిరి తగ్గుతూ వచ్చింది.

“ఏడు చోట్లా రాస్తాలే సార్.”

“రాస్తావు. రేపు ఎనిమిదో దారి పెడ్తావు. ఆడ మర్చిపోతావు. నిన్ను నమ్ముకోని ప్రోగ్రాం రాయకూడదప్పా. నన్ను నమ్ముకోని కూడా రాయకూడదు.”

అప్పుడే కంపైలర్‌లో, అంటే మనం రాసిన ప్రోగ్రాంను యంత్రం భాషలోకి మార్చే సాధనంలో, కొత్తగా ఒక సౌకర్యం వచ్చింది. మెమరీ తీసుకునే వాక్యం దగ్గరే దాన్ని తిరిగి ఇచ్చే పనిని కట్టిపెట్టవచ్చు. ఆ తర్వాత ప్రోగ్రాం ఏ దారిన బయటపడినా ఆ పని దానంతట అదే జరిగిపోతుంది. అది రాయాలంటే పొడుగాటి వాక్యం. పిల్లలకు నోరు తిరగదని సారు దాన్ని ఒక మాక్రోగా, అంటే ఒక చిన్న పేరు రాస్తే ఆ పెద్ద వాక్యం వచ్చి కూర్చునేటట్టు చేశారు. దానికి ‘ఊడ్పు’ అని పేరు పెట్టారు.

“ఇంగ్లీషులో పెట్టొచ్చు గదా సార్?” అని ఎవరో అడిగారు.

“ఏం, ఇంగ్లీషులో ఊడిస్తే ఇల్లు ఎక్కువ తెల్లగయితాదా?”

ఊడ్పు పెట్టాక ప్రోగ్రాం రోజంతా ఆగకుండా నడిచింది. నాకు ఉత్సాహం పెరిగింది. లెక్కింపుకు ముందురోజు, సారుకు చెప్పకుండా, ప్రోగ్రాంలో మెమరీ కనిపించిన ప్రతిచోటా ఊడ్పు తగిలించాను. అభ్యర్థి పేరుతో, ఓట్లతో తెర మీదికి పోవలసిన వరుసకు కూడా.

లెక్కింపు రోజు పొద్దున సారు కూడా ఆఫీసుకు వచ్చారు. మొదటి రౌండు ఫోను ఆయనే ఎత్తి, అంకెలు కాగితం మీద రాసుకుని నాకు చెప్పారు. నేను కొట్టాను. తెర మీద ఒక అభ్యర్థి పేరు పక్కన రెండో అభ్యర్థి ఓట్లు వచ్చాయి. నాకు అది తెలియలేదు. సుద్దముక్క తీసుకుని గుమ్మం దాకా పోయాను.

“ఆగప్పా.” సారు కాగితం పైకెత్తారు. “ఇదేం చెప్తాంది, అదేం చెప్తాంది?”

కాగితమూ తెరా కలవలేదు. బోర్డు మీద రాసి ఉంటే, ఓడుతున్నవాళ్ళు గెలుస్తున్నట్టు ఊరంతా చూసేది.

బయట నుంచి కేకలు మొదలయ్యాయి. సారు గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డారు.

“పది నిమిషాలు పడ్తాది. లెక్క సరిచూస్తాండాం.”

“సరిచూస్తాండారా, మారుస్తాండారా?” అన్నారు ఒక వైపు నుంచి.

“ఎవురు ముందరుండారో నోటితో చెప్పు సార్, సాలు,” అన్నారు రెండో వైపు నుంచి.

“ఆపింది ఎవురు? పేరు చెప్పు.”

“నేనే,” అన్నారు సారు. “ప్రోగ్రాంలో తప్పుంది. తప్పు నాది. నేనుండేది యాడనో మీకు తెలుసు గదా. సాయంత్రం రాండి, కాఫీ తాగి పోదురు.”

ఎవరో నవ్వారు. ఆ నవ్వు మాకు పది నిమిషాలు సంపాదించి పెట్టింది.

తప్పు ఆయనది కాదు. ఆ సంగతి ఇన్నేళ్ళలో నేనెక్కడా రాయలేదు. తెరకు చేరాల్సిన వరుసను, అది చేరకముందే నేను పెట్టిన ఊడ్పు ఊడ్చేసింది. ఖాళీ అయిన ఆ చోటులోనే రెండో అభ్యర్థి వరుస వచ్చి కూర్చుంది. సారు కుర్చీలో కూర్చుని ఇంకో చిన్న మాక్రో రాశారు. ఒక వస్తువును వేరేవాళ్ళకు ఇచ్చేటప్పుడు ముందు మన చెయ్యి ఖాళీ చేసుకోవాలి. అప్పుడు ఊడ్పు వచ్చినా ఊడ్చడానికి ఏమీ ఉండదు. వస్తువు చేరవలసినచోటికి చేరుతుంది. దాని పేరు ‘అప్పగింత’. పన్నెండో నిమిషానికి సరైన అంకె బోర్డు మీద పడింది. ఆఖరి రౌండు దాకా తెరకూ కాగితానికీ తేడా రాలేదు. ఆ రోజు మా వీధిలో రాయి పడలేదు.

జనం పోయాక తప్పు ఒప్పుకోబోయాను. “నాకు తెలుసులే,” అన్నారు. “ఊడ్చేది నేర్పించినా, ఇచ్చేది నేర్పించలా. అందుకే నాది అన్నా.”

మర్నాడు క్లాసులో రెండు మాక్రోలూ బోర్డు మీద రాశారు. అప్పగింత పేరు చూడగానే ఒకమ్మాయి “పెండ్లి యాడ సార్, భోజనాలెప్పుడు?” అంది. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వి, పాఠం చెప్పారు. నా పేరు చెప్పలేదు. “ఒకాయన ఇట్ల చేసినాడు” అని కూడా అనలేదు. ఆ తర్వాత వార్త రాసిన ప్రతిసారీ, తెర మీది అంకెను కాగితంతో పోల్చకుండా నేను పంపలేదు. నాకు ఈ పనిలో మిగిలిన మంచిపేరు ఏదైనా ఉంటే అందులో ఆయన వాటా పెద్దది.

సారు కూతురు కొన్నేళ్ళుగా అదే ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెబుతోంది. మంగళవారం శ్మశానం నుంచి తిరిగి వస్తుంటే నా పక్కకు వచ్చింది.

“మామా, నాయన ఏసిన టైంటేబులు అట్లనే నడపాలనుకుంటాండా. ఆదివారం పాఠం అప్పగింత. అది ఎందుకు రాసినాడో ఎప్పుడు అడిగినా చెప్పలా. నువ్వు ఆ పొద్దు ఆడనే ఉండావంట గదా. వచ్చి పిల్లోల్లకు చెప్తావా?”

చెబుతానన్నాను.

ఇప్పటి బ్యాచ్‌లో ఇరవైమంది. నాటుబాంబు చప్పుడు విన్నవాళ్ళు వాళ్ళలో ఎవరూ లేరు. ఆ నియమం మాత్రం గదిలో ఇంకా ఉంది.

క్లాసు ఆదివారం ఉదయం తొమ్మిదింటికి. చెప్పులు వీధి వైపు తిప్పి విడవాలి.