బాక్సుకు ఆనించిన చెవి

సహోదరులారా, అమ్మ గొంతు కోసం నేను మొహం వాచిన రోజులున్నాయి. మాది నేపాల్. వాచ్‌మన్ పనికి వచ్చిన మా ఆయన వెంట నరసరావుపేట వచ్చి, మా బిల్డింగు కింది సౌండ్ షాపులో ఊడ్చే పనికి చేరి, చూస్తూ చూస్తూ డీజే నేర్చుకున్నాను. కానీ తెలుగు రాదు! కారంపూడిలో ఒక పెళ్లి ఊరేగింపుకి, రాగం బాగుందని, విడిపోయిన ప్రేమికుల ఏడుపు పాట పెట్టేశాను. పెళ్లికూతురి మేనమామ మా డీజే ట్రాక్టరెక్కి "ఏందమ్మాయ్ ఇది, పెళ్లికి పెట్టే పాటేనా?" అని కేకలేశాడు. అప్పటినుంచి ప్రతి మాటా పట్టుకోవాలని స్పీకరు బాక్సుకు ఎడమ చెవి ఆనించి వినేదాన్ని, అలా తెలుగు వచ్చింది, చెవి పోయింది.

అప్పటికి ఓణీల ఫంక్షన్లకు తల్లులు నన్నే పిలుస్తున్నారు, డీజే దగ్గర ఆడమనిషి ఉంటే పిల్లలు జంకు లేకుండా ఆడతారని. ఇంతలో కుడి చెవిలోనూ హోరు మొదలైంది, ఫోనులో అమ్మ ఏమంటుందో తెలియక ఊరికే ఊఁ కొట్టేదాన్ని. "ప్రభువా, పాటలన్నీ తీసుకో, మా అమ్మ నన్ను నానీ అని పిలిచే పిలుపు ఒక్కటి తీసుకోకు!" అని మన ప్రార్థన గుడిలో పడి ఏడ్చాను. సంఘంలోని తల్లులు నా కోసం ఉపవాసముండి ప్రార్థించారు. మందులూ వాడాను, దాచను. మెల్లగా కుడి చెవి హోరు తగ్గిపోయింది. దేవునికే మహిమ!

ఎడమది మాత్రం రాలేదు. దేవుని మీద చానా అలిగాను సహోదరులారా! ఒక్క చెవితో పాటలు కలపలేక, క్రోసూరు నుంచి క్వయర్లో పాడే అమ్మాయిని పిలిచి ఎడమ పక్కన నిలబెట్టుకున్నాను. ఆమె పని నేర్చి సొంతంగా డీజే పెట్టుకుంది, ఆ చోటుకి డ్రమ్స్ వాయించే పిల్ల వచ్చింది, తర్వాత లైట్లు చేసే పిల్ల. నాకు రెండు చెవులూ ఉంటే వీళ్లను పిలిచేదాన్నా?

అమ్మను చూసి ఏళ్లయింది. ప్రతి ఆదివారం ఫోనులో ఎప్పుడొస్తావని అడుగుతుంది, నేను ఏడుస్తాను, అయినా ఆ అడగడం నాకు వినిపిస్తోంది, అదే చాలు! మీలో ఎవరైనా ఒక గొంతు కోసం ఎదురుచూస్తుంటే, ఆయనకు మొరపెట్టండి. గట్టిగా అరవక్కర్లేదు, వినపడనిది నాకే, ఆయనకు కాదు.