గాజుపెట్టెలో నా జడ

నాకు ఐదేళ్లు వచ్చేదాకా జడ ఉండేది. మొగల్తూరు దగ్గర మా పేటలో వలలు ఆరేసే ఆడవాళ్లంతా నన్ను ‘అమ్మాయ్’ అని పిలిచి ఏడిపించేవారు. నాకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారట. ఈసారి బిడ్డ దక్కితే పుట్టువెంట్రుకలు నీ ఎదుటే తీయిస్తానని, గోదావరి ఎగువన కొండమీద ఉన్న అమ్మవారికి మా అమ్మ మొక్కుకుంది. పడవల కొయ్య కోసం అటు వెళ్లే మా తాత చెప్పిన దేవత ఆవిడ. మొక్కు తీరకపోతే నేనూ దక్కనని అమ్మ భయం.

తీరా వెళ్లేసరికి గుడిలో పాత కొయ్యబొమ్మ లేదు. ఆ చోట కొత్త బొమ్మ ఉంది. పాతదాన్ని కొండ కింద బంగళా దొర తీసుకెళ్లి, కొండవాళ్ల విల్లులు, డోళ్లతో పాటు ఒక గదిలో పెట్టి అందరికీ చూపిస్తున్నాడట. మొక్కింది పాత బొమ్మకి. ఆ సంగతి కొత్తదానికి తెలుసో లేదో! అమ్మ నన్ను తీసుకుని కొండ దిగింది.

ఆ గదికి వెళ్లాం. అమ్మవారు గాజుపెట్టెలో ఉంది. పసుపు లేదు, బొట్టు లేదు. దండం పెట్టాలో, ఊరికే చూసి పోవాలో నాకు అర్థం కాలేదు. ఇక్కడే జుట్టు తీయిస్తామని అమ్మ కాపలా ఆయన్ని బతిమాలింది.

“ఇది గుడి కాదండి. చూసి వెళ్లిపోవాలంతే.”

“మరి ఈవిడ అమ్మవారేనా, కాదా అండి?”

ఆయన తల గోక్కుని, దొర వస్తున్నాడేమోనని గుమ్మం దాకా వెళ్లాడు. ఆ సందులో అమ్మ వల కోసే చాకుతో నా జడ చివర కోసి పెట్టె కింద దూర్చింది. మిగతాది కొండమీద కొత్త బొమ్మ ముందు తీయించింది. ఆ తర్వాత నాకు ఎప్పుడు జ్వరం తగిలినా, ఇద్దరిలో ఎవరికి కోపం వచ్చిందోనని అమ్మ హడలిపోయేది.

నేను బడిపంతులునయ్యాక అమ్మని మళ్లీ అక్కడికి తీసుకెళ్లాను. అమ్మవారి పక్కన ఇంకో చిన్న గాజుపెట్టె ఉంది. అందులో నా జడ. కింద చీటీ: ‘దేవతకు సమర్పించిన కొండజాతి కన్య కేశములు.’ చదివి వినిపిస్తూ పడీపడీ నవ్వాను. అమ్మ నవ్వలేదు.

“దేవతకిస్తే వేరే పెట్టెలో ఎందుకుందిరా? ఆవిడ పుచ్చుకుందా, లేదా?”

“బతికే ఉన్నాను కదమ్మా.”

“అందుకే అడుగుతున్నాను. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియాలి కదా.”

నాకు నవ్వు ఆగిపోయింది. అమ్మ పెద్ద పెట్టెకి మొక్కి, ఎందుకైనా మంచిదని నా జడకీ మొక్కింది. పక్కన నిలబడి నేనూ చేతులు జోడించాను, ఎవరికో తెలియకుండానే.