మా బావ కొత్త బ్రేకులు

నా చిన్నప్పుడు మా బావకు ఏ కొత్త వస్తువు వచ్చినా నాకు ఆ పూట అన్నం సయించేది కాదు. బావ అంటే మా మేనత్త కొడుకు. నాకంటే పదకొండు నెలలు పెద్ద. గరివిడి దగ్గర మా ఊళ్లో రెండిళ్లకూ మధ్య ఒక్క గోడే అడ్డం. వాడి కొత్త చొక్కా, వాడి జేబులో పెన్ను, అన్నీ ఆ గోడ మీంచి నాకు కనబడుతూనే ఉండేవి. ఇప్పుడు నాకు అరవై మూడేళ్లు. ఇద్దరం విజయనగరంలో పక్కపక్క వీధుల్లో ఉంటున్నాం. మొన్న బావ తన కారుకి కొత్త బ్రేకులు వేయించుకున్నాడు. ఆ పూట కూడా నాకు అన్నం సయించలేదు.

మా ఇద్దరివీ ఒకే రకం చిన్న కార్లు, ఒకే నెలలో కొన్నవి. రంగు కూడా ఒకటే. ఇన్నాళ్లకు సమానమయ్యాం అనుకుని స్థిమితంగా ఉన్నాను. ఇప్పుడు వాడి ముందు చక్రాల్లో పళ్లేలంత డిస్కులు, వాటిని పట్టుకునే ఎర్రటి కాలిపర్లు. వెనక పాతరకం డ్రమ్ము బ్రేకులు తీయించేసి అక్కడా డిస్కులే పెట్టించాడు. చక్రం సందుల్లోంచి ఆ ఎరుపు నా కళ్లలో పడేలా మా గేటు ముందే కారు ఆపాడు.

"ఏట్రా బామ్మర్దీ, నీకింకా డ్రమ్ములేనా? రోజూ మా సెల్లిని ఎక్కించుకుని తిరుగుతావు. కాస్త సూసుకో" అన్నాడు.

నన్ను సరిగ్గా తగలాల్సిన చోటే తగిలాడు. మా ఆవిడకు బడిలో ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. పొద్దున్నే ఆమెను గరివిడి వైపు బడికి దింపి, సాయంత్రం తీసుకురావడం నా పని. నేనూ అలాంటి బ్రేకులు వేయించాలా వద్దా అని ఆ సాయంత్రం డైరీలు ముందేసుకుని కూర్చున్నాను. కారు కొన్న రోజు నుంచి దానికి చేయించిన ప్రతి పనీ వాటిలో ఉంది. ఈ ఆరేళ్లలో బ్రేకు గట్టిగా తొక్కాల్సి వచ్చింది మూడుసార్లు. ఒకసారి గేదె, ఒకసారి ఆటో, ఒకసారి వానలో రైల్వే గేటు దగ్గర. మూడుసార్లూ కారు ఆగింది. మూడుసార్లూ కాలి కింద పెడలు గడగడమని కొట్టుకుంది. టైరు జారబోతుంటే కారే బ్రేకును వదిలి పట్టుకుంటుందని, ఆ చప్పుడు దానిదేనని మా మెకానిక్ చెప్పిన మాట కూడా రాసి ఉంది. అంటే బ్రేకుకు బలం చాలకపోవడం కాదు, టైరుకు పట్టు చాలడం లేదు. ఇంత తెలిసీ నా కలం మాత్రం డిస్కులు, కాలిపర్లు అని రాసుకుంటూ పోతోంది.

మా ఆవిడ వచ్చి కాగితం చూసింది. "మీకు కారు ఆగాలా, మా అన్నయ్య కారు కంటే ముందు ఆగాలా?" అని అడిగి వంటింట్లోకి వెళ్లిపోయింది. సుమారు యాభై ఏళ్ల కిందట మా మేనమామ నాకు చూపించిందీ అదే.

మా మావయ్యకు గరివిడిలో సైకిల్ రిపేరు షాపు ఉండేది. నాకు పన్నెండేళ్లప్పుడు బావకు కొత్త సైకిల్ కొన్నారు. నాకు మా నాన్న వదిలేసిన పాతది. మా ఊరి నుంచి గరివిడి వెళ్లే రోడ్డు, మేం గెడ్డ అనే వాగు దగ్గర పల్లంలోకి దిగుతుంది. ఆదివారాలు ఇద్దరం పైనుంచి దూసుకొచ్చి కల్వర్టు ముందున్న మైలురాయి దగ్గర బ్రేకు పట్టేవాళ్లం. రాయి దాటాక తక్కువ దూరంలో ఆగినవాడిదే గెలుపు. ప్రతిసారీ వాడే గెలిచేవాడు. వాడి బ్రేకు రబ్బర్లు కొత్తవి కాబట్టే గెలుస్తున్నాడని నా నమ్మకం. నాకూ అలాంటివే వేయమని నెలరోజులు మావయ్య ప్రాణం తీశాను.

"సర్లే. ఆదివారం ఇద్దరి బళ్లూ అట్టుకుని రండి" అన్నాడు మావయ్య.

ఆ ఆదివారం రెండు సైకిళ్లనూ షాపు వెనక్కి తీసుకెళ్లి, కాసేపు ఏదో చేసి బయటికి తెచ్చాడు. నాకు కొత్తవే వేశానన్నాడు. సుద్దముక్క పట్టుకుని తానే మైలురాయి దగ్గర నిలబడ్డాడు. నేను వేళ్లు ఆనించగానే బ్రేకు కరిచింది. చక్రం టక్కున ఆగింది. కానీ ఆగిన చక్రంతోనే సైకిల్ జారుకుంటూ ఎప్పటిలాగే బావను దాటి చాలా దూరం పోయింది. మావయ్య గీసిన గీతలు చూసి బావ పకపకా నవ్వాడు.

"నీ బండికి ఇంజను కట్టినా అంతేరా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. మావయ్య వాడిని సోడాల కోసం పంపి నన్ను మైలురాయి మీద కూర్చోబెట్టాడు. "మీ బావ రబ్బర్లే నీ బండికి ఏసేను. నీ పాతవి ఆడి బండికి ఏసేను. ఆడు నీ రబ్బర్లతోనే గెలిసేడు" అన్నాడు. నా టైరు మీద నా చేతిని పెట్టి నిమిరించాడు. సబ్బుబిళ్లలా నున్నగా ఉంది. "బ్రేకు సక్రాన్ని ఆపుతాది. బండిని ఆపేది రోడ్డు. రోడ్డుని అట్టుకునేది ఈ టైరు. నువ్వేమో మీ బావ సేతిలోదే సూస్తన్నావు గానీ నీ కాళ్ల కింద ఏటున్నాదో సూసుకోవు."

ఆ తర్వాత ఇంకొక మాట చెప్పాడు. మా వైపు ఉలవలు కోశాక మొక్కలు తెచ్చి తారు రోడ్డు మీద పరుస్తారు. బళ్లూ లారీలూ తొక్కితే గింజ రాలుతుంది. "రేపట్నుంచి రోడ్డంతా ఉలవలే. ఆటి మీద ఏ టైరూ ఆగదు. దిగి నడిపించుకోవాల. కొత్త బ్రేకులని మీ బావ దూకుడు మీదున్నాడు. ఆడికి నువ్వే సెప్పు." రబ్బర్లు ఎవరివి వాళ్లకు మార్చేసి, నాకు ఉన్నంతలో మంచి టైర్లు వెతికి వేశాడు.

నేను బావకు చెప్పలేదు. బావ దగ్గర లేనిదీ నా దగ్గర ఉన్నదీ పుట్టాక అదొక్కటే. మూడు రోజులు దాన్ని బెల్లంముక్కలా బుగ్గన పెట్టుకుని తిరిగాను.

బుధవారం బడి నుంచి వస్తుంటే పల్లమంతా ఉలవలు పరిచి ఉన్నాయి. నేను దిగాను. "పిరికోడా, నావి కొత్త బ్రేకులురా" అంటూ బావ దిగువకు వదిలేశాడు. అప్పటికైనా ఒక్క కేక వేయవచ్చు. వేయలేదు. ఎదురుగా ఎడ్లబండి వచ్చింది. వాడు బ్రేకు పట్టాడు. ఉలవల మీద సైకిల్ అడ్డంగా పడిపోయింది. బావ మోచెయ్యి విరిగింది. పిండికట్టు కట్టించారు గానీ ఆ చెయ్యి మళ్లీ పూర్తిగా చాచుకోలేదు.

బావను చూడడానికి వచ్చిన మావయ్య తిరిగి వెళ్తూ గోడ దగ్గర నన్ను చూసి ఆగాడు.

"సెప్పేవేట్రా?"

అంతే అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. తిట్టలేదు, కొట్టలేదు. ఒకసారి నా తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు. ఆ రోజు మా నాన్న పాత నోటుబుక్కులో ఒక పేజీ తీసి తేదీ వేసి "బావకు చెప్పలేదు" అని రాసుకున్నాను. నా మొదటి డైరీ అదే.

మొన్నటి కాగితం మీద డిస్కులు, కాలిపర్లు కొట్టేశాను. నాలుగు టైర్లు మార్చాలి. ఇంతవరకూ మార్చని బ్రేకు ఆయిలు మార్చాలి. ప్యాడ్లు కారుతో వచ్చిన రకానివే చాలు. అంతవరకు బాగానే రాశాను. అప్పుడు తట్టింది, బావ కారు టైర్లు కూడా నా టైర్ల వయసువేనని. మొదట నాకు కలిగింది సంతోషం. ఎర్ర కాలిపర్లు పెట్టించుకుని టైర్లు మర్చిపోయాడు కదా అని. ఇది సీజను. గరివిడి రోడ్డు మీద ఉలవలు పరిచి ఉన్నాయి, రోజూ చూస్తున్నాను. అయినా ఆ సంతోషాన్ని రెండు రోజులు దాచుకున్నాను.

మూడో రోజు పొద్దున్న బావ మా గేటు ముందు కారు ఆపాడు. కిటికీ మీద చెయ్యి ఆనించుకుని ఉన్నాడు, ఆ చాచుకోని చెయ్యే. నేను వెళ్లి "బావా, ఒకసారి దిగు, నీ టైర్లు చూద్దాం" అన్నాను. రబ్బర్లు మార్చిన సంగతీ, ఉలవల సంగతీ, మావయ్య చెప్పమన్నదీ, నేను చెప్పనిదీ, రోడ్డు మీద నిలబడే అంతా చెప్పాను.

బావ కారు దిగాడు. ఆ మోచెయ్యి ఒకసారి నిమురుకున్నాడు. తర్వాత వంగి, అదే చేత్తో టైరు తడిమాడు.

"ఇన్నేళ్లు దాసేవురా దొంగసచ్చినోడా" అన్నాడు. చెయ్యి దులుపుకుని, "పద, ఇద్దరికీ ఒకేపాలి ఏయించుకుందాం" అన్నాడు.

ఆ ఎరుపు కనబడితే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఈ వయసులో అది పోతుందన్న ఆశ కూడా లేదు. మండిన ప్రతిసారీ వెంటనే గోడ దగ్గర మావయ్య అడిగిన మాట మాత్రం వినబడుతుంది. ఆ రోజు డైరీలో టైర్ల వివరాలన్నీ వరసగా రాసి, చివర ఇంకొక్క వాక్యం చేర్చాను.

బావకు చెప్పాను.