చీటీ లేని కొసరు

మా చెల్లెలు పచ్చళ్ల వ్యాపారం మొదలుపెట్టినప్పుడు తన పెట్టుబడి ఇదీ అని చెప్పింది: నాలుగు జాడీలు, ఒక సెల్‌ఫోను, మా అన్నయ్య. నన్ను చివర్లో కలిపింది.

అప్పటికి నేను పత్రికలో డెస్కు ఉద్యోగం నుంచి రిటైరై రాజమండ్రిలో ఖాళీగా ఉన్నాను. ఒకరు రాసింది సరిచేసి, కోసి, ఇచ్చిన జాగాలో పట్టించడం నా జీవితకాలపు పని. ఆమె మొగల్తూరు దగ్గర, మా బావ బతికుండగా ఇద్దరూ కట్టుకున్న రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటోంది. చాలా ఏళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పింది. పిల్లలు తగ్గిపోయి ఆ స్కూలు మూతపడింది. భీమవరంలో ఒక కాలేజీ వాళ్లు హాస్టల్ వార్డెన్‌గా రమ్మన్నారు. అక్కడే ఉండాలి, ఒక గది ఇస్తారు, గదిలో పొయ్యి పెట్టకూడదు. కాలేజీ తెరిచేలోగా ఏ సంగతో చెప్పమన్నారు.

"వారానికి పాతిక పార్సెళ్లు వెళ్తే ఇక్కడే ఉంటాను. లేకపోతే ఇంటికి తాళం వేసి భీమవరం వెళ్తాను" అంది. లెక్కల టీచరు కనక అంతకన్నా వివరించలేదు.

మొదటి పార్సెళ్లు నరసాపురం కొరియర్ ఆఫీసు దాటకుండానే వెనక్కి వచ్చాయి. కౌంటర్లో గుమాస్తా ఒక అట్టపెట్టెను రెండు వేళ్లతో ఎత్తి చూపించాడు.

"ఆయ్, టీచరుగారూ! మీ ఆవకాయ పక్కనున్న పట్టుచీరకి కూడా వడ్డించేసిందండి."

"ఎవరిదండీ ఆ చీర?"

"పెళ్లివారిదండి. వాళ్లింకా చూళ్లేదు. చూసేలోగా మీరు ఇంటికెళ్లిపోండి."

ఆమె వెళ్లలేదు. చీర తాలూకు వాళ్లకి అక్కడినుంచే ఫోన్ చేసి చెప్పింది. మరక అట్ట దాటి లోపలికి పోలేదని తేలేదాకా కౌంటరు దగ్గరే నిలబడింది. తర్వాత సీసాలో రెండు వేళ్ల జాగా వదలడం నేర్చుకుంది. మూడో రోజు తిరగకలిపాక ఇంకో వారం ఆగి, ముక్క ఊరి నూనె పైకి తేలితేనే సీసాకి ఎత్తడం నేర్చుకుంది. ఎత్తిన సీసాను ఒక పూట తలకిందులుగా పెట్టి, కింద పరిచిన కాగితం పొడిగా ఉంటేనే కట్టేది. ఆ కాగితాలు నా పాత పత్రికలే.

ఫోటోల సంగతీ అంతే. ట్యూబ్‌లైటు కింద తీస్తే ఆవకాయ తారులా కనిపించింది. ఉదయం ఎనిమిది గంటలకి వరండాలో, స్టీలు కంచంలో వేడన్నం పక్కన పెట్టి తీస్తే ఎర్రగా, ఆవకాయలాగే కనిపించింది. దానికి ఖర్చేమీ లేదు. ఎనిమిదింటికల్లా అన్నం వండాలి, అంతే.

ఒక విషయంలో నా సలహా తప్పయింది. కొనేవాళ్లు ఫోన్లు చేసి గంటలు గంటలు మాట్లాడేవారు. "మీదే ఊరండి? మా పెద్దమ్మగారిది పాలకొల్లేనండి. ఇప్పుడెవరూ లేరనుకోండి" అని మొదలై, పెద్దమ్మగారి మోకాళ్ల నొప్పుల దాకా వెళ్లి, చివర్లో అరకిలో మాగాయతో ముగిసేది. మెసేజ్‌లోనే జవాబివ్వమని చెప్పాను, టైము కలిసొస్తుందన్నాను. ఆమె వినలేదు. రెండు నెలల తర్వాత చూస్తే, మళ్లీ కొన్నవాళ్లలో ఎక్కువమంది ఆ అరగంటల వాళ్లే.

నాకు అప్పగించిన పని మాటలు. పచ్చళ్ల కోసం ఫోన్లో ఒక పేజీ తెరిచాం. దానిమీద ఏం రాయాలో ఆమె రూళ్ల నోటుబుక్కులో రెండు పేజీలు రాసిచ్చింది. ఎర్ర పెన్ను తీసుకుని నేను అందులో ఎనిమిది వాక్యాలు ఉంచాను. మిగతావి అక్కర్లేనివనిపించాయి. తన పెరట్లో మామిడిచెట్టు లేదనీ, కాయలు కొని తెస్తాననీ రాసింది, కొట్టేశాను. ఆదివారం చర్చికి వెళ్తాను కాబట్టి పార్సెల్ కట్టనని రాసింది, దాన్ని "ఆదివారం సెలవు" చేశాను. ఇంకా ఏవేవో కొట్టేశాను. పేజీ శుభ్రంగా ఉందని నలుగురూ అన్నారు.

కొసరు మాత్రం నేను చెప్పింది కాదు, ఆమె రాసిందీ కాదు. మా వైపు బజారులో వంకాయలు తూచినావిడ తక్కెడ దించాక ఇంకో రెండు కాయలు సంచిలో పడేస్తుంది. చేపలమ్మేవాళ్లయితే ఒక చిన్న చేపను వేస్తారు. వేయకపోతే అడిగి వేయించుకుంటాం. మా చెల్లెలు ప్రతి పార్సెల్లోనూ ఒక చిన్న పొట్లం పెట్టేది. ఆ వారం ఇంట్లో ఏది బాగా కుదిరితే అది. ఎక్కువగా కందిపొడి, ఒక్కోసారి నువ్వులపొడి. దాని మీద ఏమీ రాసేది కాదు.

"ఏం పొడో రాయవే" అన్నాను ఒకసారి.

"కొసరుకి చీటీ ఏంటన్నయ్యా? విప్పితే తెలుస్తుందిగా."

వేసవి చివర్లో వారానికి పార్సెళ్లు పదిహేడు, పంతొమ్మిది దాకా వచ్చాయి. కాలేజీ తెరవడానికి నెల ఉందనగా బెంగళూరు నుంచి ఒకావిడ ఇరవై సీసాల ఆవకాయ చెప్పింది. ఇంట్లో శుభకార్యానికి వచ్చినవాళ్లకి ఇస్తుందట. ఒకే ఇంటికి అంత పెద్ద ఆర్డరు అదే మొదలు. కొసరు కూడా దానికి తగ్గట్టే ఉండాలి కదా. కందిపొడి అయిపోయింది. ముందురోజే ఎండు రొయ్యలు వేయించి, ఎండుకొబ్బరి, వెల్లుల్లి, కారం వేసి దంచిన పొడి ఉంది. మా ఇళ్లలో చుట్టానికి పెట్టేది అది. పావుకిలో పొట్లం కట్టి, సీసాల పైన పెట్టింది.

వారం తర్వాత సోమవారం ఉదయం మా పేజీ కింద ఆ పొట్లం ఫోటో కనిపించింది. పక్కనే ఆ బెంగళూరావిడ రాసింది. తాము శాకాహారులమనీ, కందిపొడి అనుకుని నెయ్యి వేసి అన్నంలో కలుపుకున్నామనీ, పక్కింటావిడ వాసన చూసి ఇది రొయ్యపొడి అని చెప్పేదాకా తెలియలేదనీ. ఒక్క దురుసు మాట లేదు. ఆ పని కింద మాట కలిపినవాళ్లు చేశారు. "ఎవరింటి వంటో కనుక్కోకుండా కొంటే ఇంతే" అని ఒకరు రాశారు. "కనుక్కున్నాం, ఆదివారం సెలవు అంట, అర్థం కాలేదా" అని ఇంకొకరు. ఆ రెండోదానికి బొటనవేళ్లు చాలా లేచాయి.

ఆ వారం ఆరు పార్సెళ్లు వెళ్లాయి.

నేను నరసాపురం బండెక్కాను. తణుకు దాటేలోగా సవరణ రాయడం అయిపోయింది. పత్రికలో అలాంటివి ఎన్నో రాశాను. నాలుగు లైన్లు: పంపిణీలో జరిగిన పొరపాటు వల్ల ఒక వినియోగదారునికి వేరే ఉత్పత్తి చేరింది; జరిగినదానికి చింతిస్తున్నాం; ఇకపై తగు జాగ్రత్తలు తీసుకోబడతాయి.

ఆమె వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చుని చదివింది. రెండుసార్లు చదివింది.

"ఇది ఎవరు ఎవరికి చెప్తున్నట్టు అన్నయ్యా?"

"అందరికీ."

"తప్పు దానంతటదే జరిగి, దానంతటదే చింతిస్తున్నట్టుంది. స్కూల్లో పిల్లలు ఇలాగే చెప్పేవారు. పెన్సిలు విరిగిపోయిందండీ అనేవాళ్లు. ఎవడు విరిచాడో ఎవడూ చెప్పడు."

లేచి వెళ్లి రూళ్ల నోటుబుక్కు తెచ్చింది. నాకు చూపించడానికి కాదు. అందులో కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు ఉన్నాయి. పేజీలు తిప్పుతుంటే మొదటి రెండు పేజీలు కనిపించాయి. ఎర్రగీతల మధ్య ఆమె గుండ్రటి అక్షరాలు: "మా వంటింట్లో చేపలు, రొయ్యలు కూడా వండుకుంటాం. పట్టింపు ఉన్నవాళ్లు ఆలోచించుకుని చెప్పండి." ఆ వాక్యం మీద రెండు గీతలు ఉన్నాయి. మార్జిన్లో నా చేతిరాత: మనం అమ్మని సరుకు గురించి అనవసరం.

ఆమె ఆ పేజీ తిప్పేసింది. తప్పు నాదని నేను అప్పుడే అనాల్సింది.

మొదటి ఫోన్ బెంగళూరుకే చేసింది. ఫోను పీట మీద పెట్టి, స్పీకరు వేసింది.

"నమస్తే అండి. పచ్చళ్లమ్మాయినండి."



"చెప్పండి" అన్నారు బెంగళూరావిడ.

"ఆ పొడి నేనే పెట్టానండి. మిమ్మల్ని బాధపెట్టాలని పెట్టింది కాదు, అలాగని పొరపాటున పడిందీ కాదు. మా ఇంట్లో ఉన్నవాటిలో మంచిదని పెట్టాను. మీరు తినరన్న ఆలోచన రాలేదండి. తప్పు నాదే."

"మా అత్తగారికి ఎనభై దాటాయమ్మా. ఆవిడ తిన్నారు." ఆగి, గొంతు తగ్గించి అన్నారు, "రెండో ముద్ద కూడా అడిగారు. ఇప్పుడు ఇంట్లో నాతో మాట్లాడటం లేదు. నేను ఊరుకోలేక రాశాను."

"రాయాల్సిందేనండి. డబ్బు వెనక్కి పంపిస్తాను."

"డబ్బు కాదమ్మా. మీ ఇంట్లో అవీ వండుతారని పేజీలో ఒక్క ముక్క ఉంటే నేనే ఆలోచించుకునేదాన్ని కదా? ఎందుకు రాయలేదు?"

మా చెల్లెలు నా వైపు చూడలేదు. పీట మీద ఫోను వైపే చూస్తోంది.

"రాశానండి. తర్వాత తీసేశాం."

"తీసింది నేనండి" అన్నాను నేను. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

"మీరెవరండి?"

"అన్నయ్యనండి. పత్రికలో పనిచేశాను. ఆ వాక్యం అక్కర్లేదనిపించి కొట్టేశాను."

"అక్కర్లేదని మీకెలా తెలుసండి?" అన్నారావిడ. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామన్నట్టు. నేను నోటుబుక్కులో ఆ ఎర్రగీతల పేజీ వెనక్కి తిప్పాను. ఆవిడ నమస్కారమని ఫోన్ పెట్టేశారు. రాసింది తీయలేదు, తీయమని మేమూ అడగలేదు.

తర్వాత మూడు రోజులు, నోటుబుక్కులో ఉన్న ప్రతి నంబరుకీ ఆమె ఫోన్ చేసింది. అందరికీ ఒకే సంగతి చెప్పింది: మా వంటింట్లో ఇవీ వండుతాం, మీకు ముందు చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. కొందరు ఇక వద్దన్నారు. ఒకాయన, "ఇంతకాలం తిన్నదానికి ఇప్పుడేం చెయ్యమంటారు?" అని అరిచాడు. ఆయన అరిచిందంతా విని, "ఏం చెప్పను బాబుగారూ" అంది. పాలకొల్లు పెద్దమ్మ తాలూకు ఆవిడ మాత్రం, "మరి ఆ రొయ్యపొడి మాకెప్పుడూ పెట్టలేదేంటండి?" అని నిష్ఠూరమాడింది. అలా అడిగినవాళ్లు నలుగురో ఐదుగురో.

కొట్టేసిన వాక్యం పేజీలో మొదటి లైనుగా ఎక్కింది. నా ఎనిమిది వాక్యాలు దాని కింద సర్దుకున్నాయి. ఆదివారం ఎందుకు సెలవో కూడా రాసింది.

కాలేజీ తెరిచే ముందు శుక్రవారం భీమవరం నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆమె సీసా మూతలు బిగిస్తోంది. చేయి తుడుచుకుని తీసింది.

"లేదండి. రావట్లేదండి. ఇంకెవరినైనా చూసుకోండి" అని పెట్టేసింది.

"ఈ వారం ఎన్ని?" అన్నాను.

"పదకొండు."

"పాతిక అన్నావు కదే."

"అన్నాను." మూత ఇంకో చుట్టు తిప్పింది. "ఆ పంతొమ్మిదిలో ఎవరికీ మా ఇంట్లో ఏం వండుతామో తెలీదు. ఈ పదకొండు మందికీ తెలుసు. వీళ్లతో ఇంకో ఏడాది చూస్తాను. మూసెయ్యాల్సొస్తే పచ్చడి బాగోలేక మూసేస్తాను."

"గడవాలి కదమ్మా."

"సాయంత్రం ట్యూషన్లు చెప్తాను. పదో తరగతి లెక్కలు చెప్పేవాళ్లు ఈ చుట్టుపక్కల లేరు."

మరునాడు బయల్దేరుతుంటే నా సంచిలో ఒక పొట్లం పెట్టింది. దాని మీద కాగితం ముక్క అంటించి ఉంది, గుండ్రటి అక్షరాలతో: ఎండు రొయ్యల పొడి.

"నాకెందుకే చీటీ? నేను పుట్టినప్పట్నుంచీ తింటున్నాను."

"చెయ్యి అలవాటవ్వాలి కదా" అంది. అని, నోటుబుక్కు తీసి ఆ రోజు కట్టాల్సిన పేర్లు చూసుకుంది. రెండే ఉన్నాయి.