తన్నుల లెక్క

కరోనా సోకిన గర్భిణుల వార్డులో ఆ ఆయా మొహం ఎవరూ చూడలేదు. తల నుంచి పాదాల దాకా తెల్ల కిట్టు, ఆవిరి పట్టిన కళ్లద్దాలు, వీపు మీద మార్కరుతో పెద్దగా రాసిన 'ఆయా'. మోకాలి నొప్పికి కుడికాలు ఈడుస్తూ నడుస్తుంది. ఆ చప్పుడుతోనే ఆమెను గుర్తుపడతారు. ఆయాసంతో సొమ్మసిల్లి, బిడ్డ కదలికలు లెక్కపెట్టుకునే ఓపికైనా లేని తల్లుల పక్కన స్టూలు వేసుకుంటుంది. రెండు జతల గ్లవుజులు తొడిగిన చేతిని కడుపు మీద ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. బిడ్డ తన్నినప్పుడల్లా పైకే లెక్కపెట్టి చీటీ మీద గీత గీస్తుంది. "ఒకటి. రెండు. అమ్మను కాసేపు పడుకోనివ్వవేంట్రా? ఇప్పుడే ఇలా ఉంటే, రేపు బయటికొచ్చాక ఇల్లు పీకి పందిరేస్తావు" అంటుంది. ఆ లెక్క వింటూ తల్లులు కునుకు తీస్తారు.

ఆ మధ్యాహ్నం కిటికీ పక్క మంచం మీద తొలిచూలు పిల్ల ఆక్సిజన్ మాస్కుతో కళ్లు మూసుకుని వింటోంది. మూడో తన్ను తర్వాత కడుపులో అలికిడి లేదు. ఆయా ఆమెను ఎడమవైపు తిప్పింది, నీళ్లు తాగించింది, మళ్లీ చెయ్యి ఆనించి చాలాసేపు కూర్చుంది. చివరికి "నాలుగు" అంది. కాసేపాగి "ఐదు" అంది.

"నాకేం తెలియట్లేదేంటి పెద్దమ్మా?"

"నీరసం తల్లీ, నీకు తెలీదులే. ఇప్పుడే వస్తా."

తలుపు దాకా రోజూలాగే కాలు ఈడ్చుకుంటూ వెళ్లింది. తలుపు మూసుకున్నాక పరుగెత్తింది. నర్సు చేతిలో పెట్టిన చీటీ మీద మూడే గీతలున్నాయి.