నీళ్ళ మీది దీపం

మా అక్క షీబా చిలీ దేశంలో టెలిస్కోప్ దగ్గర ఫోకస్ సరిచేస్తుందని నేను చెప్పిన పాపానికి, నాగాయలంకలో సగంమంది ఆమెను కళ్ళ డాక్టరు చేసేశారు. సెలవుకు వచ్చినప్పుడు పక్కింటి భాగ్యమ్మత్త కళ్ళజోడు పట్టుకుని మా గుమ్మంలో కూర్చుంది. చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. ఇక రాసి పెడుతున్నాను.

గాలి కదలడం వల్ల నక్షత్రం చెదిరి కనిపిస్తుంది. అందుకని టెలిస్కోప్ దగ్గర నుంచి లేజర్ కిరణం పైకి వేస్తారు. తొంభై కిలోమీటర్ల ఎత్తున గాలిలో ఉన్న సోడియం పొరకు అది తగిలి, అక్కడొక చుక్క వెలుగుతుంది. ఆ చుక్కను చూసుకుంటూ ఒక పల్చటి అద్దం క్షణక్షణం వంగి, గాలి చేసే అల్లరిని సరిదిద్దుతుంది.

2006లో అదే బెడిసికొట్టింది. ఫొటో ముందు బాగానే వచ్చి, కాసేపటికి మసకబారేది. లోపం అద్దంలో ఉంది, విప్పదీద్దామన్నారు పెద్దవాళ్ళు. విప్పితే నెలల పని. అద్దం బాగానే ఉంది, చుక్కే కదులుతోందని అక్క ఒక్కతే అంది. సోడియం పొర పైకీ కిందికీ జరిగితే చుక్క దూరం మారుతుంది, అద్దం మోసపోయి ఫోకస్ తప్పుతుంది. పక్కనున్న అసలు నక్షత్రంతో సరిచూసుకోవాలని ఆమె వాదన. అంత గుడ్డి నక్షత్రంతో ఏమవుతుందని నవ్వారు. చివరికి ఒక్కసారి చూడనిచ్చారు. కుదరకపోతే ఆ నక్షత్రాన్ని చూడ్డానికి ఆమె పెట్టిన పరికరాన్ని తీసేస్తామన్నారు. ఆమె ఉద్యోగమంతా ఆ పరికరమే.

ఆ మొండితనం ఎక్కడిదో నాకు తెలుసు. చిన్నప్పుడు ఒక వేకువన నాన్న దయానందం పడవ చుక్కాని అక్క చేతికిచ్చాడు. ముందు పోతున్న నతానియేలు మావయ్య పడవ దీపం బాగా కనిపిస్తోందని అక్క దాని వెంటే పోనిచ్చింది. మావయ్య వల లాగుతూ పోటుకు కొట్టుకుపోతున్నాడని మాకేం తెలుసు? మేమూ అటే తిరిగి ఇసుక మేట ఎక్కాం. నాన్న తిట్టలేదు.

"ఆ దీపం వెలుగ్గానే ఉంటదమ్మా, కానీ నీళ్ళ మీద ఉంది. మధ్యమధ్యలో లైట్‌హౌస్ చూసుకోవాలి," అన్నాడు.

అక్క ఆ మసక నక్షత్రం వెలుగును ఓపిగ్గా పోగుచేసి, దాన్నిబట్టి ఫోకస్ దిద్దించింది. ఫొటోలో అంతవరకూ ఒక్కటే అనుకున్న నక్షత్రం రెండుగా విడిపోయింది, తెల్లారేదాకా అలాగే నిలిచింది. అద్దం ఎవరూ విప్పలేదు. నాకెంత గర్వంగా ఉందో దాచుకోను.

ఫోన్లో ఈ సంగతి విని నాన్న "సరే" అన్నాడంతే. బిడ్డల్ని మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. ఆ ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేళ్ళకు సాక్ష్యాలు చెప్పే వేళ, ఎన్నడూ లేవని మనిషి లేచి నిలబడ్డాడు.

"దేవుడికి స్తోత్రం. ఈసారి మా అమ్మాయి మేట ఎక్కలేదండీ," అని కూర్చున్నాడు.

పాస్టరు గారికి ఏమీ అర్థం కాలేదు. ఆయన పాట అందుకున్నారు.